రానీ

వఫ్రా తోటలు దాటి, తారు అయిపోయినంక
ఇసకలో ఇరవై నిముషాలు పోతే ఆ పల్లె.
నలభై ఇండ్లు, గొర్రెల దొడ్లు, ఒక మసీదు.
బేస్తవారం, ఆదివారం నా నీళ్ల ట్యాంకరు పోతాది.

పల్లె మొదట్లో ఒక లారీ వెనక తలుపు
నిలువుగా పాతి సిమెంటు పోసినారు.
మన పక్క ఆ తలుపు మీద అమ్మ దీవెన అని రాసుకుంటాం.
ఇక్కడ పదకొండు పేర్లు,
ఉలితో కొట్టినవి.

యుద్ధమప్పుడు మిలిట్రీవాళ్లొచ్చి లారీలు కావాలన్యారంట.
లారీలతో పాటు మనుషుల్నీ తోలుకుపోయినారు.
నిన్నటిదాకా గడ్డీ, గొర్రెలూ, టమోటాలూ తోలినోళ్లు
తెల్లారేసరికి దండుకు నీళ్లూ రొట్టెలూ తోలినారు.
తుపాకి ఎవురికీ ఇయ్యలేదు.
సీటు కింద జాకీరాడ్డు ఉండేది, అంతే.

నాకు అరబ్బీ చదవడం సగమే వచ్చు,
దారిబోర్డులు నేర్పించిన సగం.
కానీ ప్రతి పేరు ముందరా ఉండే మాట తెలుసు: సాయక్.
నా బతాకా మీద, నా ఫొటో కింద ఉండేదీ అదే.
డ్రైవరు.
ఒకసారి జేబులోంచి కార్డు తీసి
రేకు పక్కన పెట్టి చూసుకున్యా.
అక్షరం తేడా లేదు.

పదకొండోది చదివి ఆగిపోయినా.
సాయక్ రాణి. హిందీ.

ఆడమనిషి లారీ తోలిందా,
ఆ కాలంలో, ఈ ఎడారిలో?

తొట్టి గట్టున కూర్చోనుండే దైఫల్లా ముసలాయన నవ్వినాడు.
"మొగోడే. మీసాలు కూడా. మీ దేశపోడు.
మీవాళ్లంతా విమానాలెక్కి పోయినారు, వాడు మిగిలిపోయినాడు.
పాస్‌పోర్టు కఫీలు కాడ, కఫీలు యాడో.
రఫీక్ అంటే పలికేవాడు. పేరడిగే తీరిక ఎవురికుంది?
ఎవురి లారీ ఎనక్కి తీస్తావున్యా సరే,
పరిగెత్తుకోనొచ్చి, నిలబడి, చెయ్యి ఊపుతా అరిచేవాడు,
రాణి, రాణి, రాణి అని.
పెండ్లాం పేరేమో అనుకున్యాం.
పిల్లోళ్లు వానికే ఆ పేరు పెట్టేసినారు."

నా చేతిలోంచి పైపు జారింది.
నీళ్లు ఇసకలోకి పోతావున్యా వంగలేదు.

రానీ. రానీ. రానీ.
కోడూరు మామిడి మండీలో, క్లీనరు పిల్లోడిగా,
లారీ డాలా మీద అరచేత్తో కొడతా
వెయ్యిసార్లు అరిచిన మాట.

ఏ ఊరో, ఎవురి కొడుకో.
రేకు మీద మిగిలింది
ఎనక్కి రమ్మనే మాట.

అర్థం చెప్పినా ముసలాయనకు.
చానాసేపు పలకలేదు.
గుత్రా కొసతో ముక్కు తుడుచుకున్యాడు.

ఆ రాత్రి ఎనకాల నిలబడింది తానేనంట.
లైట్లు ఎయ్యకూడదు. స్టీరింగు మీద వాడు.
వాని మాటతోనే పిలిచినాడంట, రాణి, రాణి.
చక్రం ఎనకాల ఇసక, ఎవురో కొత్తగా తవ్వి పూడ్చినట్టు.
రమ్మనే మాట వచ్చు.
నిలబెట్టే మాట నేర్చుకోనుండలేదు.
వగ్గిఫ్ అని తన భాషలో అరిచినాడు.
ఆ ఇంజను సప్పుడులో
వాని చెవి ఏ మాటకోసరం కాసుకోనుండాదో.

"ఆ రెండో మాట ఏంది?" అన్యాడు,
ముప్పై నాలుగేండ్ల తరవాత.

ఆపు.

అరబ్బీ నోట్లో మన పకారం లేదు గదా.
ఆబు, అన్యాడు. మళ్లీ అన్యాడు. ఆబు. ఆబు.
దొడ్లో గొర్రెలు తలెత్తి చూసినాయి.

మొన్న ఆదివారం, రేకు కడగాలని
ట్యాంకరు ఎనక్కి తీస్తావుంటే
అద్దంలో ఆయన, చెయ్యి ఊపుతా.
అద్దం చూడడం మానుకోని మాట మీద తోలినా.
రానీ... రానీ... రానీ...

ఆబు!

నాకంటే ముందే కాలు బ్రేకు మీదికి పోయింది.
దిగి చూస్తే, రేకుకూ బండికీ జానెడు.
ఆయన అక్కణ్ణే నిలబడుకోనుండాడు, చెయ్యి దించకుండా.
పైపు తిప్పినా.
మిట్టమధ్యానం రేకు,
నీళ్లు పడంగానే సుయ్‌మనింది.